పండుగ పాటలో మళ్లొచ్చే మాట

జానపద గేయాలను గురించి మన సభల్లో మాట్లాడేటప్పుడు వాటిని రెండు గంపల్లో వేయడం మనకు అలవాటయిపోయింది. నాటు పాట, కలుపు పాట, దంపుడు పాట, మోట పాట ఒక గంపలోకి పోతాయి. అవి శ్రమలో నుంచి పుట్టినవి గనుక మనవి. బతుకమ్మ పాట, బోనాల పాట, పీర్ల పాట రెండో గంపలోకి పోతాయి. అవి దేవుళ్లవి గనుక మనవి కావు. మహా అయితే సగం మనవి. మొదటి గంపను నెత్తికెత్తుకుంటాం. రెండోదాన్ని పండితులకూ, ప్రభుత్వ సాంస్కృతిక శాఖకూ వదిలేస్తాం.

నేను పదేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. చాలాకాలం ఈ విభజననే పాఠంగా చెప్పాను. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే నా సొంత సంగతులు కొన్ని చెప్పక తప్పదు. పాఠకులు మన్నించాలి.

మాది దేవరకొండ దగ్గర ఒక మెట్ట వూరు. మా అమ్మ కూలికి పోయేది. నాయిన డప్పు కొట్టేవాడు. చావుకూ, పెళ్లికీ, పీర్లకూ ఆ డప్పే. 2011లో నేను ఎం.ఎ. చదువుతున్నాను. ఆ యేడు సెప్టెంబరులో మొదలయి 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె నడుమనే బతుకమ్మ పండుగ వచ్చింది. ఆడవాళ్లు రోడ్ల మీదనే బతుకమ్మలు పెట్టి ఆడుతున్న రోజులవి. మా మండలంలో కూడా అట్లా ఆడాలని అనుకున్నాం. విద్యార్థి సంఘంలో కవిగా నాకు కొంచెం పేరుండేది. రాత్రంతా కూర్చుని బతుకమ్మ బాణీలో ఒక పాట రాశాను. నీళ్లు, నిధులు, నియామకాలు, భూస్వామ్యం, పెట్టుబడి అన్నీ అందులో వున్నాయి. ఎనిమిది పాదాల చరణాలు, అంత్యప్రాసలు. వూరికి పోయి అమ్మకు చదివి వినిపించాను. ఆమెకు అక్షరం రాదు. వాడలో పాట ఎత్తేది ఆమే.

అంతా విని, "మంచిగనే ఉన్నది కొడుకా. గని దీంట్ల మళ్లొచ్చే మాట ఏది?" అన్నది.

నాకు అర్థం కాలేదు.

"నేను ఊపిరి యాడ తీస్కోవాలె? ఎనకున్నోళ్లు ఏమనాలె? నువ్వు రాసింది నువ్వే పాడుకోవాలె, మేం చప్పట్లు కొట్టుకుంట నిలబడాలె. గంతేనా?"

ఎం.ఎ.లో ఛందస్సు చదువుకున్నవాణ్ణి. మా అమ్మ చెప్పిన ఈ ఒక్క సూత్రం ఏ లక్షణ గ్రంథంలోనూ నా కంట పడలేదు. మరునాడు రోడ్డు మీద ఆమె నా పాటలో నుంచి ఒకే ఒక్క మాట తీసుకున్నది: నీళ్లు. నిధులనూ నియామకాలనూ వదిలేసింది. బోరు నీళ్లు తాగి తన అక్క మోకాళ్లు వంకరపోయిన సంగతి ఒక ముక్క పాడింది. అందరూ ఉయ్యాలో అన్నారు. పెండ్లయి వచ్చిన కొత్త కోడలికి మూడేండ్లకే పండ్లు గారపట్టిన సంగతి ఇంకో ముక్క. అందరూ ఉయ్యాలో అన్నారు. ఫ్లోరైడు అనే మాట ఆమె అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు. అక్కడ ఆడుతున్నవాళ్లలో కీళ్లనొప్పులు లేని మనిషి తక్కువ. నా కాగితం నా జేబులోనే వుండిపోయింది.

బతుకమ్మ పాట నడిచే తీరు మనలో చాలామందికి తెలిసిందే. అయినా దాన్ని సాహిత్య విమర్శ కన్నుతో ఒకసారి చూడాలి. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలను వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, చుట్టూ తిరుగుతూ ఆడతారు. ఒకామె చిన్న ముక్క పాడుతుంది. తక్కినవాళ్లు ఉయ్యాలో అనో, కోల్ అనో, చందమామ అనో అందుకుంటారు. వాళ్లు ఆ మాట అనేలోపల ముందు పాడే మనిషి రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఊపిరి తీసుకుంటుంది. రెండు, తర్వాతి ముక్క తలచుకుంటుంది. తలపుకు రాకపోతే కల్పించుకుంటుంది. పాత కథలోకి కొత్త సంగతి జొరబడే సందు ఇదే. రాముడి కథ నడుస్తూ వుండగా ఆరళ్లు పెట్టే అత్త వస్తుంది. గౌరమ్మ కథలో కరువు వస్తుంది. అన్న ఇంటికి పోయిన చెల్లె కథలో దొర గడి వస్తుంది. పల్లవి పాటకు అలంకారమని మనం పాఠాల్లో చెబుతాం. కాదు. పల్లవి పాటలో వున్న తలుపు. ఆ తలుపు దగ్గర నిలబడేది వందమంది.

మరొక సంగతి కూడా వుంది. తాను అన్న మాటను వందమంది అందుకుంటే ఆ మాట ఇక ఒకరిది కాదు. కోడలు అత్తను గురించి ఇంట్లో నోరెత్తలేదు. బతుకమ్మ చుట్టూ పాడగలదు. ఎవరన్నారని అడిగితే, అందరూ అన్నారు. రక్షణ అక్కడ వుంది. దీన్ని మతం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం మన తొందరపాటు.

మన ఉద్యమ చరిత్ర కూడా ఈ మాటనే చెబుతుంది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత సంఘం నల్లగొండ పల్లెల్లోకి చొచ్చుకుపోయింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో పాట చేసిన పని అందరికీ తెలుసు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను, యక్షగానాన్ని చేపట్టాడు. పశువులు కాసే పసివాణ్ణి చూసి ఆయన కట్టిన పాట మూడు దశాబ్దాల తర్వాత 'మా భూమి' సినిమా ద్వారా దేశమంతా విన్నది. దీన్ని మనం ఎట్లా వివరిస్తున్నాం? పాత రూపంలో కొత్త వస్తువును నింపారని. రూపం ఒక ఖాళీ కుండ అయినట్టూ, కవి వచ్చి అందులో చైతన్యం పోసినట్టూ. నేనూ పరీక్ష పేపర్లలో ఇదే రాశాను, ఇదే రాయించాను. కాని ఆ కుండ ఎన్నడూ ఖాళీగా లేదు. కొత్త మాటను అందుకోవడం ఆ జనానికి పండుగ పండుగకూ అలవాటయిన పని. సంఘం పాటలు అంత వేగంగా వూరి నుంచి వూరికి పోవడానికి కవుల ప్రతిభ ఎంత కారణమో, అందుకునే నోళ్ల అభ్యాసం కూడా అంత కారణం. ఆ అభ్యాసం జరిగింది రెండో గంపలో.

పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం తిండీ, బట్టా, ఆటా, పండుగా చరిత్రేనని చూపించాడు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో చేసిన పరిశోధన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పేరుతో 1958లో అచ్చయి, ఈ పాటలకు విశ్వవిద్యాలయంలో కుర్చీ వేసింది. ఆ దారి వేసినవాళ్ల ఋణం పెద్దది. అయితే ఆ దారిన వెనక వచ్చిన మా తరం వాళ్లం సేకరణ అంటే మాటలు రాసుకోవడమే అనుకున్నాం. ఉయ్యాలో అనే మాట ప్రతి పాదంలో వస్తుంది గనుక మొదటి పాదంలో రాసి, తక్కిన చోట్ల చుక్కలు పెట్టాం. కాగితం ఆదా అయింది. జనం పాడిన భాగమంతా చుక్కల్లోకి పోయింది.

ఇక పీర్ల సంగతి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మొహర్రం ముస్లింల పండుగ మాత్రమే కాదు, వూరి పండుగ. పీర్ల చావిడి ముందు గుండం తవ్వుతారు. రాత్రి నిప్పు వేసి, దాని చుట్టూ అసోయ్ దూలా అంటూ ఆడతారు. హసన్ హుసేనుల కథ పాడేవాళ్లలో గొల్లవాళ్లు, బోయవాళ్లు, మాదిగవాళ్లు అందరూ వుంటారు. మా వూళ్లో పెద్ద పీరును ఎత్తేది ఒక గొల్లాయన. చాంద్రమానపు పండుగ గనుక యేటేటా ముందుకు జరుగుతూ, ఒకప్పుడు విత్తనాల కాలంలో, ఒకప్పుడు కోతల కాలంలో, ఒకప్పుడు నడి ఎండల్లో వస్తుంది. ఎప్పుడు వచ్చినా బొంబాయికీ పూనాకూ వలసపోయిన కూలీలు వీలుంటే ఈ పండుగకు వచ్చిపోతారు. మట్టి పనికి దేశమంతా తిరిగి, ఆనకట్టలు కట్టి, తమ చేను మాత్రం ఎండగట్టుకున్న పాలమూరు కూలీ కథ కొత్తగా చెప్పనక్కరలేదు. మా మేనమామ బొంబాయిలో తాపీపని చేసేవాడు. ఒక యేడు గుండం చుట్టూ ఆడుతూ, కర్బలాలో నీళ్లకు ఏడ్చిన పిల్లల కథలో నుంచి, బొంబాయి గుడిసెలో నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ తన పిల్లల కథలోకి పోయాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ అందుకున్నారు. నీళ్లు లేని కథ ఎక్కడిదైనా మా మెట్టవాళ్లకు పరాయిది కాదు.

ఈ కర్బలా కథ మన తంగేడు చెట్ల నడుమకు ఎట్లా వచ్చింది? గోల్కొండ కుతుబ్‌షాహీల ద్వారా. ఆ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చినవాడు. పదిహేనో శతాబ్దంలో తబ్రీజు రాజధానిగా అజర్‌బైజాన్ ప్రాంతాన్ని ఏలిన కారా కోయున్లు తుర్కమానుల సంతతి. ఆ వంశంలోని మహమ్మద్ కులీ హైదరాబాదు కట్టించి, 1594లో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా నెలకొల్పాడు. వసంతం మీద, నవ్రూజ్ మీద దక్కనీలో కవిత్వం రాశాడు. రాజులు తెచ్చింది పండుగను. దాన్ని పాటగా మార్చుకున్నది మాత్రం డప్పు కొట్టినవాడూ, నిప్పు తొక్కినవాడూ.

ఆ సంబంధం వల్లనే కుతూహలం పుట్టి అజర్‌బైజాన్ జానపద గేయాలను గురించి కొంత చదివాను. అక్కడ వసంతంలో నవ్రూజ్ వస్తుంది. పండుగకు ముందే ఆడవాళ్లు పళ్లెంలో గోధుమలు మొలకెత్తించి, ఆ మొలక మీద పాటలు పాడతారు. దాన్ని సెమెని అంటారు. ఇది చదవగానే నాకు దేవరకొండ తండాల్లో లంబాడీ ఆడపిల్లల తీజ్ గుర్తుకు వచ్చింది. శ్రావణంలో బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలతో నీళ్లు పోసి, మొలకలను చెరువులో కలుపుతారు. అక్కడ కోసా అనే వేషగాడు ఇంటింటికీ తిరిగి ఆడి, పాడి, అడుక్కుంటాడు. మన పిల్లలు కాముని పున్నమికి కోలలు పట్టుకుని జాజిరి ఆడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. గింజ మొలుస్తుందో లేదో అనే భయం వున్న ప్రతిచోటా గింజకు పాట పాడతారు. పండుగ పాట కూడా శ్రమ పాటేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు.

అక్కడి అనుభవంలో మనం నేర్చుకోవలసిన పాఠం మరొకటి వుంది. ఉజెయిర్ హాజిబెయోవ్ 1908లో బాకూలో, సంప్రదాయ ముగామ్ గానం ఆధారంగా 'లేలీ మజ్నూన్' సంగీత నాటకాన్ని ప్రదర్శించాడు. 1927లో ముస్లిం మగమాయెవ్‌తో కలిసి జానపద గేయాలను స్వరాలతో అచ్చువేశాడు. 1931లో జానపద వాద్యాలతో వాద్యబృందాన్ని స్థాపించాడు. జనం పాటను అంత గౌరవంగా రంగస్థలం మీదకు తెచ్చినవాళ్లు అరుదు. కాగా అదే సోవియట్ కాలంలో, అవే పాటలకు పుట్టినిల్లయిన నవ్రూజ్‌కు చాలా యేళ్లు అధికారికంగా ఆదరణ లేదు. మతపు పండుగ అనే అనుమానం. పాట వేదిక మీద, పండుగ ఇంటి లోపల. గోధుమ మొలకను ఇళ్లలో కాపాడింది ఆడవాళ్లే. 2009లో యునెస్కో నవ్రూజ్‌ను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. గుర్తించడానికి అది ఇంకా బతికి వున్నదంటే ఆ ఇళ్ల పుణ్యమే. మనం పాటను మెచ్చుకుని పండుగను అనుమానించిన తీరు ఇదేనని వేరే చెప్పాలా?

ఇప్పుడు మన పండుగకు ఆదరణ కొరత లేదు. 2014లో తెలంగాణ ఏర్పడగానే బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. ఇది చిన్న సంగతి కాదు. యాస మాట్లాడితే నవ్విన తరగతి గదుల్లో చదువుకున్నవాళ్లం మేం. మా అమ్మ ఆట రాష్ట్రానికి గుర్తు కావడం నాకు గర్వంగానే వుంది. అయితే ఇవాళ సద్దుల నాడు ఏ పట్నానికి పోయినా వినిపించేది యంత్రం. యేటేటా కొత్త పాటలు వీడియోలుగా విడుదలవుతాయి. డీజే పెట్టెల్లో అవి మోగుతూ వుంటే ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఆ పాటల్లో కొన్ని చాలా బాగుంటాయి, కాదనను. కాని యంత్రం ఊపిరి తీసుకోదు. అది ఊపిరి తీసుకోదు గనుక ఎవరికీ సందు దొరకదు. 2011లో మా అమ్మ నన్ను అడిగిన ప్రశ్న ఇవాళ వూరి వూరినీ అడగవలసి వుంది: వెనకున్నవాళ్లు ఏమనాలె?

పాత రోజులన్నీ బంగారమని నేను చెప్పబోవడం లేదు. చెబితే మా అమ్మకు ద్రోహం చేసినట్టు. మా వూళ్లో వాడ ఆడవాళ్ల బతుకమ్మ ఏనాడూ వూరి బతుకమ్మ పక్కన కూర్చోలేదు. వూరి బతుకమ్మలు గుడి ముందర. మావి వాడ చివర చింతచెట్టు కింద. చెరువులో కూడా మా రేవు వేరు. పీర్ల గుండం చుట్టూ అందరూ కలిసే ఆడేవారు. మలీద పంచేటప్పుడు మాత్రం మా నాయిన పట్టిన తువ్వాలలోకి పైనుంచి వేసేవారు. డప్పు లేకపోతే పీరు కదలదు. డప్పు కొట్టినవాడి చేతిని మాత్రం తాకరు. అంటే, నా చిన్ననాడు అందరూ పాడేవారు. అయితే వలయాలు రెండు. ఇవాళ పట్నంలో వలయం ఒకటే, పాడేవాళ్లు లేరు. ఈ రెండింటిలో దేనినో ఒకదాన్ని మెచ్చుకుని వూరుకోవడానికి నాకు మనసొప్పదు.

మొన్నటి యేడు మా కళాశాలలో జరిగిన సంగతి చెప్పి ముగిస్తాను. దసరా సెలవులకు ముందు ఆడపిల్లలు బతుకమ్మ ఆడతారు. డీజే మామూలే. అరగంటసేపు దాన్ని ఆపి, నోటితో పాడదామని నేను పట్టుబట్టాను. ఆపారు. పది నిమిషాలు నవ్వులూ, ఒకరినొకరు తోసుకోవడం తప్ప ఏమీ జరగలేదు. ఒక తండా పిల్ల తీజ్ పాట రెండు ముక్కలు పాడి సిగ్గుపడి ఆపేసింది. అప్పుడు వరండాలో చీపురు పట్టుకుని చూస్తున్న మనిషి మీద నా దృష్టి పడింది. ఆమె అవుట్‌సోర్సింగ్ మీద మా కళాశాల వూడుస్తుంది. అందరం అక్కా అంటాం. రమ్మన్నాను. "మేడములు ఆడేకాడికి నేనెట్ల వస్త సారూ?" అన్నది. పిల్లలు చేయి పట్టుకుని లాక్కువచ్చారు.

ఆమె ఎత్తింది మామూలు గౌరమ్మ పాటే. పిల్లలకు చరణాలు రావు గాని ఉయ్యాలో అనడం ఎవరికి రాదు? రెండు నిమిషాల్లో మైదానమంతా అందుకున్నది. నాలుగో ముక్కో అయిదో ముక్కో దగ్గర, గౌరమ్మకు పెట్టడానికి సద్దికి బియ్యం లేవని పాడింది. ఎందుకు లేవంటే నాలుగు నెలల జీతం రాలేదని పాడింది. మూడు వందల గొంతులు ఉయ్యాలో అన్నాయి. కిరాయి ఇంటాయన తలుపు తట్టాడని పాడింది. మళ్లీ ఉయ్యాలో. ఆ మాటలు ఆమె ముందుగా అనుకుని వచ్చినవి కావు. పిల్లలు అందుకుంటున్న ఆ రెండు క్షణాల సందులో పుట్టినవి. ఎవరో సైగ చేశారు. డీజే మళ్లీ మొదలయింది. అరగంటలో ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలే వున్నాయి.

మరునాడు ఆమెను పిలిచి, ఎవరు నేర్పారని అడిగారు. సంజాయిషీ రాసి ఇమ్మన్నారు. ఆ సమయంలో నేను తరగతిలో 'జానపద సాహిత్యం – సామాజిక చైతన్యం' అనే పాఠం చెబుతున్నాను. కబురు తెలిసి కూడా గంట కొట్టేదాకా పాఠం చెప్పాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా వుంది, అయినా రాయాలి. తర్వాత పోయాను. పాడమన్నది నేనేనని కాగితం మీద రాసిచ్చాను. ఆమె పని పోలేదు. జీతం రెండు నెలలకు వచ్చింది.

క్షమించమని అడిగితే ఆమె నవ్వింది. "నేను పాడినందుకు కాదు సారూ, పిల్లలు అందుకున్నందుకు వాళ్లకు కోపమొచ్చింది" అన్నది.

ఆమె మాటకు నేను కలపవలసింది పెద్దగా లేదు. వేదిక మీద ఒక్కరు పాడే విప్లవ గేయాన్ని కూడా ఈ వ్యవస్థ సహిస్తుంది. సన్మానం కూడా చేస్తుంది. వందమంది అందుకునే మాటనే అది సహించలేదు. కాబట్టి పండుగ పాట పట్ల మన కర్తవ్యం మాటలు సేకరించడంతో తీరిపోదు. సేకరించేటప్పుడు చుక్కలు పెట్టకుండా, అందుకున్నది ఎవరో, ఏ వాడవాళ్లు ఎక్కడ నిలబడ్డారో కూడా రాయాలి. మన సంఘాలు జరిపే ఆటల్లో యంత్రం కనీసం కొంతసేపు మూగబోవాలి. అన్నిటికంటే ముందు, చింతచెట్టు కిందా గుడి ముందరా ఇంకా రెండుగా వున్న వలయాలను ఒకటి చేసే పనిలో మనం వుండాలి. వలయం ఒకటై, నోరు తెరుచుకుంటే, పాటలో ఏం పెట్టాలో మనం రాసి ఇవ్వనక్కరలేదు.

వచ్చే పండుగకు నేను కొత్త పాట రాయడం లేదు. అక్క పక్కన నిలబడి, ఉయ్యాలో అనాలని అనుకుంటున్నాను. ఈసారి గంట కొట్టేదాకా ఆగను.